రాత్రి అయిందన్న కబురు

(బి.ఎస్సీ., బి.జెడ్.సి., తృతీయ సంవత్సరం)

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్నారు పెద్దలు. నిజమే, నిద్ర ముంచుకొచ్చినవాడికి పట్టుపరుపైనా ఒకటే, పొలం గట్టైనా ఒకటే. ఈ సత్యాన్ని మా క్లాసులో చివరి బెంచీ మిత్రులు మధ్యాహ్నం రెండు గంటల పీరియడులో రోజూ రుజువు చేస్తూనే ఉన్నారు. అయితే పరుపు ఉండి, ఒళ్ళు అలసి, కడుపు నిండి కూడా నిద్ర రానివాడి సంగతేమిటి? ఆ సామెతలో వాడి ఊసు లేదు.

అలాంటి మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. ఆయన మా నాయన.

మాది నల్గొండ జిల్లాలో బోర్ల మీద బతికే ఊరు. 2004లో రైతులకు ఉచిత కరెంటు వచ్చింది. రోజుకు ఏడు గంటలన్నారు గాని, ఆ ఏడు గంటలూ ఒక్కసారి వచ్చేవి కావు. పగలు కొంత, రాత్రి కొంత, వంతులవారీగా. నా చిన్నతనంలో ఏ ఒంటిగంటకో, రెండింటికో నాయన టార్చిలైటు, కర్ర పట్టుకుని మడి కాడికి పోవడం నాకు బాగా గుర్తు. పురుగూ పుట్రా భయం ఒకటి, తడి చేతులతో స్టార్టరు ముట్టుకోవాల్సిన భయం ఇంకొకటి. ఆయన తిరిగొచ్చేదాకా అమ్మ గడప మీద కూర్చునేది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. మోటారుకు రాత్రి వంతు పోయింది. నాయనకు మాత్రం పోలేదు.

తొమ్మిదింటికి మంచమెక్కుతాడు. ఒంటిగంట దాకా కళ్ళు తెరుచుకునే ఉంటాయి. నాలుగింటికి మళ్ళీ లేచి కూర్చుంటాడు. ఇలా ఒక వారం, ఒక నెల కాదు, ఏళ్ళు. రాత్రి వంతు ఒక్కటే దీనికి కారణమని నేననను. ఎండిపోయిన బోర్లున్నాయి, తీరని బాకీలున్నాయి. కానీ ఒకసారి నేను అడిగితే ఆయన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. "నిద్ర రాకపోవుడేందిరా, పండుకున్నోణ్ణి లేపి లేపి ఇట్ల చేసిన్రు గదా!" పోయిన యాసంగిలో దున్నుతూ దున్నుతూ ట్రాక్టరు మీదే కునుకు పట్టింది. బండి కాలువ గట్టెక్కి ఆగింది. గండం గడిచిందని అమ్మ కొబ్బరికాయ కొట్టింది.

మందులు చెప్పేవాళ్ళకు ఊళ్ళో కొదవ లేదు. కల్లు తాగమని ఒకరు, మాడుకు ఆముదం పెట్టమని మరొకరు. ఒక మందుల షాపతను చీటీ అడగకుండానే నిద్రగోళీలిచ్చాడు. అవి ఏడాదిపాటు నడిచాయి. ఇంతలో అమెరికాలో ఉండే మా పెదనాయన కొడుకు సంక్రాంతికి వస్తూ ఒక సీసా తెచ్చాడు. "ఇది మెలటోనిన్ చిన్నాయనా, అక్కడ అందరూ వేసుకుంటరు, ఏం గాదు" అన్నాడు. ఒక్కో గోళీ 10 మిల్లీగ్రాములు. నిద్ర పట్టకపోతే వేసుకోవాలనుకుని నాయన అర్ధరాత్రి దాటాక వేసుకునేవాడు. తెల్లారి తల దిమ్ము తప్ప ఒరిగిందేమీ లేదు. పదిహేను రోజుల తర్వాత సీసా నా చేతిలో పెట్టి, "సైన్సు చదువుతున్నవు గదా, ఇదేందో చెప్పు" అన్నాడు.

మూడేళ్ళుగా చదువుతున్న చదువుకు ఇదే నాకు అసలు పరీక్ష అనిపించింది.

మెదడు నడుమ వడ్లగింజంత గ్రంథి ఒకటుంది. దాని పేరు పీనియల్. తిండిలోని ట్రిప్టోఫాన్ మొదట సెరోటోనిన్ అవుతుంది, ఆ సెరోటోనిన్‌ను ఈ గ్రంథి చీకటి పడ్డాక మెలటోనిన్‌గా మారుస్తుంది. దీన్ని 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు పశువుల పీనియల్ గ్రంథుల నుంచి వేరుచేశాడు. ఆయన వెతికింది నిద్రమందు కోసం కాదు. కప్ప చర్మాన్ని తెల్లబరిచే పదార్థమేదో తెలుసుకుందామని బయలుదేరాడు. 1980లో ఆల్ఫ్రెడ్ లూయీ బృందం, గట్టి వెలుతురు పడితే మనిషిలో మెలటోనిన్ ఊరడం అణిగిపోతుందని చూపింది.

ఈ సంగతి నాయనకు చెప్పడానికి బర్రెలు సాయపడ్డాయి. పగళ్ళు కురచై రాత్రులు పెరిగే కాలంలో బర్రెలు ఎక్కువగా ఎదకొస్తాయని ఆయనకు నాకంటే బాగా తెలుసు. రాత్రి ఎంత పొడుగో బర్రె ఒంటికి తెలిపేది ఈ మెలటోనినే. అంటే ఇది ఊళ్ళో చాటింపు లాంటిది. రాత్రి అయిందహో అని ఒళ్ళంతా కబురు పెడుతుంది. చాటింపు వేసేవాడు ఇంటింటికీ వచ్చి ఎవరినీ పడుకోబెట్టడు గదా! పైగా ఒంటిగంటకు వేసుకున్న గోళీ, సగం రాత్రి గడిచాక వేసిన చాటింపు.

కబురు అందనివాళ్ళకు మాత్రం ఇది నిజంగా మేలు చేస్తుంది. వెలుగు బొత్తిగా తెలియని అంధుల్లో కొందరికి ఒంట్లోని గడియారం రోజురోజుకూ పక్కకు జరిగిపోతుంటుంది. అలాంటివారిలో ఎక్కువమందికి ఆ గడియారం మెలటోనిన్‌తో గాడిలో పడిందని 2000లో తేలింది. విమానంలో ఖండాలు దాటేవాళ్ళకూ ఉపయోగమే. 55 ఏళ్ళు దాటినవారి నిద్రలేమికి మెల్లగా కరిగే 2 మిల్లీగ్రాముల మాత్రను యూరప్‌లో 2007లో అనుమతించారు.

మరి మా నాయన లాంటి మొండి నిద్రలేమికి? 2013లో 19 అధ్యయనాలు, 1683 మంది లెక్కలు కలిపి చూశారు. సగటున నిద్ర ఏడు నిమిషాలు ముందు పట్టింది, మొత్తం నిద్ర ఎనిమిది నిమిషాలు పెరిగింది. నాలుగు గంటలు దూలాలు లెక్కబెట్టే మనిషికి ఏడు నిమిషాలు! పెద్దవాళ్ళ దీర్ఘకాల నిద్రలేమికి దీన్ని వాడకపోవడమే మంచిదని 2017లో అమెరికా నిద్రవైద్యుల సంఘమే సూచించింది. ఆ దేశంలో 1994 చట్టం ప్రకారం ఇది ఆహారపు సరుకు కింద లెక్క, అందుకే పచారీ సామానులా దొరుకుతుంది. కెనడాలో 31 రకాల సీసాలు పరీక్షిస్తే, చీటీ మీద రాసినదానికంటే 83 శాతం తక్కువ ఉన్నవీ ఉన్నాయి, 478 శాతం ఎక్కువ ఉన్నవీ ఉన్నాయి. ఎరువు బస్తాలో ఇంత తేడా వస్తే మా ఊరివాళ్ళు దుకాణం ముందు బైఠాయించేవాళ్ళు.

నాయనను పట్నంలో ఒక మానసిక వైద్యులకు చూపించాం. ఆ డాక్టరు గారు గురక సంగతి, థైరాయిడ్ సంగతి విచారించి, సీసా పక్కన పెట్టించారు. నిద్రగోళీలు మాత్రం హఠాత్తుగా మానితే ప్రమాదమని చెప్పి, కొంచెం కొంచెంగా తగ్గించారు. తర్వాత చెప్పిన వైద్యం విని మేమంతా నివ్వెరపోయాం. పదకొండున్నరకు ముందు మంచమెక్కకూడదు, రాత్రి ఎలా గడిచినా నాలుగున్నరకు లేవాలి, పగటి కునుకు కూడదు, నిద్ర రాకపోతే మంచం దిగి అరుగు మీద కూర్చోవాలి. "నిద్ర లేనోణ్ణి ఇంకా పండుకోవద్దంటడేంది!" అని నాయన దారంతా సణిగాడు. కానీ దీర్ఘకాల నిద్రలేమికి ముందుగా చేయాల్సినది ఇలాంటి అలవాట్ల చికిత్సేనని 2016లో అమెరికా వైద్యుల కళాశాల కూడా చెప్పింది. మంచమంటే మేలుకుని పొర్లాడే చోటని ఒంటికి పట్టిన అలవాటును విడిపించడమే దాని కిటుకు.

మొదటి రెండు వారాలు ఇల్లు నరకమైంది. ట్రాక్టరు తాళం అమ్మ దాచిపెట్టింది. ఏ రోజు ఎప్పుడు పడుకున్నాడు, ఎప్పుడు లేచాడు అన్నది చెల్లెలు తన పాత నోటుబుక్కులో గీతలు కొట్టి రాసేది. ఆరో వారానికి పన్నెండు లోపే నిద్ర పట్టిందన్న రాతలు వరుసగా కనిపించాయి. అన్నీ బాగయ్యాయని చెప్పను. బాకీల వాయిదా దగ్గరపడితే ఇప్పటికీ అరుగు మీద బీడీ నిప్పు కనబడుతుంది. అప్పుకు ఏ పీనియల్ గ్రంథీ జవాబుదారీ కాదు.

మిత్రులారా, పరీక్షల ముందు మన హాస్టల్లోనూ ఈ సీసాలు తిరుగుతున్నాయి. అర్ధరాత్రి దాకా ఫోను వెలుగు కళ్ళలో పోసుకుని, ఆపైన రాత్రి అయిందన్న కబురును గోళీగా మింగడం మనవంటి సైన్సు విద్యార్థులకు తగునా? మన సంగతి అలా ఉంచండి. సెలవులకు ఇళ్ళకు పోయినప్పుడు మీ పెద్దవాళ్ళ తలగడ కింద ఇలాంటి సీసా కనిపిస్తే, అందులో ఎన్ని మిల్లీగ్రాములున్నాయో తర్వాత చూడొచ్చు. ఎన్నాళ్ళ నుంచి నిద్ర లేదో ముందు అడగండి.