షోకేసులో వేటగాడి పెట్టె

పెనుగొలనులో మిత్రుడి ఇంట ఓ తమాషా వస్తువు కనిపించింది. వాళ్లబ్బాయి అమెరికా నుంచి తెచ్చిన గార్మిన్ రినో. జీపీఎస్సూ, వాకీటాకీ ఒకే పెట్టెలో! అక్కడ జింకల వేటకెళ్లేవాళ్లు వాడతారట. విడిపోయిన తోటివాడి దగ్గరా అదే ఉంటే అతనెక్కడున్నాడో తెర మీద కనిపిస్తుంది.

"నల్లమల వెళ్తున్నారుగా, పట్టుకెళ్లండి" అన్నాడు మిత్రుడు.

ఆశ పుట్టిన మాట నిజం. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక చాలాచోట్ల సెల్‌ఫోను మూగబోతుంది. కానీ రినో మాట్లాడేది 462, 467 మెగాహెర్ట్జ్‌ల మీద. మన దగ్గర చేతి రేడియోలకు 2018లో లైసెన్సు మినహాయించిన పరిధి 446.0-446.2. అంటే ఆ సెట్టుతో ఇక్కడ మాట్లాడితే నేరమే. ఇక వేటంటారా, దానికి 1972 చట్టం పగ్గమేసింది, 1991 సవరణ లైసెన్సుల తలుపూ మూసింది.

కొనేవాళ్లు జీపీఎస్ విడిగా, 446 సెట్లు విడిగా తీసుకోవడం మేలు. దారిలో మార్చుకోవడానికి వీలుగా పెన్సిల్ సెల్స్‌తో నడిచేవి చూడండి. అట్ట మీది కిలోమీటర్లను నమ్మకండి, అవి అడ్డులేని మైదానం లెక్కలు. లోయలో గుట్ట అడ్డొస్తే గొంతు అక్కడే ఆగుతుంది. దట్టమైన చెట్ల కింద జీపీఎస్సూ తడబడుతుంది.

ఫరహాబాద్ వైపు మాకు దారి చూపిన చెంచు యువకుడి చేతిలో కర్ర తప్ప ఏమీ లేదు. రాత్రి 9కి గేటు పడేలోగా బయటికి తెచ్చాడు.

రినో పెనుగొలనులోనే ఉంది, కొండపల్లి బొమ్మల పక్కన.