పెండ్లిమర్రి మిద్దె మీద కొరియా హంతకులు!

కడప జిల్లా అనగానే, ఆ మాటకొస్తే సీమ అనగానే, వెండితెర మనకి చూపించేదేమిటి? రెండు సుమోలు, నాలుగు నాటుబాంబులు, ఒక మీసం! 1999లో ‘సమరసింహారెడ్డి’ వేసిన బాటలో ‘నరసింహనాయుడు’, ‘ఆది’, ‘ఇంద్ర’ నడిచాయి. 2018లో ‘అరవింద సమేత’ ఆ పగల్ని ఆడవాళ్ల కన్నీళ్ల వైపు నుంచి చూసింది. అన్నీ జనాన్ని ఊపేసిన చిత్రాలే. ఈలలు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ కడపలో బస్సెక్కి, పడమటగా పోయి పెండ్లిమర్రిలో దిగి చూడండి. ఆ సినిమా సీమ ఎంత వెదికినా కనిపించదు!

పేరులోనే పెండ్లీ ఉంది, మర్రీ ఉంది. నేను వెళ్లింది కార్తీకమాసం చివర్లో. బోరుబావుల కింద కోతకొచ్చిన వరిమళ్లు, వాటి నడుమ మట్టిబాట, దూరంగా కొండల వరస. ఆ కొండల్లోనే పొలతల మల్లికార్జునస్వామి క్షేత్రం. శివరాత్రికి జనం విరగబడే ఆ దారి మామూలు రోజుల్లో ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, వెనక సైకిలు గొలుసు చప్పుడైనా తిరిగి చూడబుద్ధేస్తుంది. సస్పెన్స్ చిత్రానికి ఇంతకంటే ఏం సెట్టింగు కావాలి?

నేను దిగిన స్నేహితుడింట్లో రాత్రి భోజనాలయ్యాక కుర్రకారంతా మిద్దెక్కారు. డిగ్రీ చదువుతున్న వాళ్లు. నీళ్ల చెంబుకి సెల్‌ఫోను ఆనించి, “అన్నా, కొరియా సినిమా సూస్తావా? మాట అర్థం గాకపోయినా కత అర్థమైతాది” అన్నారు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలల్ని దీపం కింద నమిలి మింగిన తరం వాణ్ణి నేను. అపరాధ పరిశోధన అంటే కాదంటానా?

మొదటిది ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’ (2003). దర్శకుడు బాంగ్ జూన్ హో. ఈయనే తర్వాత ‘పారసైట్’ తీసి 2020లో నాలుగు ఆస్కార్లు పట్టుకెళ్లాడు. తెర తీయగానే పండిన వరిచేలు! గట్టున సిమెంటు తూము. ఊరి డిటెక్టివు వంగి లోపలికి చూస్తాడు. లోపల ఒక ఆడమనిషి శవం. మరోచోట హంతకుడి అడుగుజాడ దొరికిందని పోలీసులు మురిసిపోతుండగానే ఒక ట్రాక్టరు తాపీగా దాని మీదుగా పోతుంది! మిద్దె మీద ఒకటే నవ్వులు. “మా మామ గూడా ఇట్లే తోల్తాడన్నా, ఎవురు అరిసినా యినపడదు!”

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఊరి డిటెక్టివుగా సాంగ్ కాంగ్ హో, కళ్లలోకి చూస్తే నేరస్థుణ్ణి పట్టేస్తానంటాడు. రాజధాని నుంచి వచ్చిన రెండో డిటెక్టివు, కాగితాలు అబద్ధమాడవంటాడు. వాన కురిసిన రాత్రుల్లో మళ్లీ హత్య. అనుమానితుల్ని తన్ని ఒప్పించడం. చివరికొచ్చేసరికి ఇద్దరి నమ్మకాలూ తలకిందులు! మిగతాది పాటల పుస్తకాల్లో వేసేవారే, అలాగే... వెండితెరపై చూడండి.

ఇది కట్టుకథ కాదు. హ్వాసాంగ్ ప్రాంతంలో 1986 నుంచి 1991 దాకా జరిగిన వరుస హత్యలే దీనికి ఆధారం. చిత్రం వచ్చేనాటికి అసలువాడు దొరకలేదు. 2019లో డి.ఎన్.ఏ. పరీక్ష పట్టిచ్చింది. వాడు మరో హత్యకి శిక్షపడి అప్పటికే జైల్లో ఉన్నాడు! అంతకంటే ఘోరం, ఆ హత్యల్లో ఒకదానికి సంబంధంలేని మనిషి సుమారు ఇరవయ్యేళ్లు జైల్లో గడిపాడు. 2020లో కోర్టు అతను నిర్దోషి అంది. ఇది చెప్పగానే కుర్రాళ్లు గమ్మున కూర్చున్నారు. ఒకడు మాత్రం, “ఆ ఇరవయ్యేండ్లు యెవురిస్తారన్నా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

మర్నాటి రాత్రి అదే దర్శకుడి ‘మదర్’ (2009). మూలికలమ్ముకుని, చాటుగా సూదివైద్యం చేసి బతికే తల్లి. బుద్ధి ఎదగని కొడుకు. ఒక ఆడపిల్ల హత్య వాడి నెత్తిన పడుతుంది. వాడి చేత సంతకం పెట్టించుకుని పోలీసులు ఫైలు మూసేస్తారు. ఇక తల్లే డిటెక్టివు! కిమ్ హే జా నటన చూస్తే మన తల్లి సెంటిమెంటు ఎంత పైపైన ఉంటుందో తెలుస్తుంది. నా ఓటు దీనికే.

‘ద వెయిలింగ్’ (2016) రెండున్నర గంటలు దాటిన చిత్రం. నా హాంగ్ జిన్ దర్శకుడు. కొండపల్లె, పిరికి పోలీసు, ఊళ్లోకి వచ్చిన కొత్త మనిషి, వాడి మీద పుకార్లు. భూతవైద్యుడు డప్పుల మధ్య ఊగిపోతుంటే, “మన జాతరలో పూనకం మాదిరే కదప్పా!” అని ఒకడు దుప్పటి తలదాకా లాక్కున్నాడు. ఇదే దర్శకుడి మొదటి చిత్రం ‘ద చేజర్’ (2008) పట్నం సందుల్లో పరుగు. హంతకుడు తొందరగానే దొరుకుతాడు, సాక్ష్యమే దొరకదు! ‘ఓల్డ్‌బాయ్’ (2003) గొప్పదే, 2004లో కాన్స్‌లో గ్రాండ్ ప్రి అందుకుంది. అయితే ఇంట్లోవాళ్లతో కూర్చుని చూసేది కాదు, ముందే చెబుతున్నాను.

మనవాళ్లు కొరియా కథలు తెచ్చుకోలేదా అంటే, తెచ్చుకున్నారు. ‘మిడ్‌నైట్ రన్నర్స్’లో ఇద్దరు కుర్రాళ్ల పోలీసు కథని 2022లో ఇద్దరమ్మాయిలకి మార్చి ‘శాకిని డాకిని’ చేశారు. మార్పు బాగుంది. కానీ మనకి రావలసింది కథ కాదు, వాళ్లు తమ ఊళ్లని చూసిన చూపు అనిపిస్తుంది నాకు. అదీ మనకి కొత్తేం కాదు సుమండీ! 1985లోనే వంశీ ‘అన్వేషణ’లో అడవినీ, ఇళయరాజా సంగీతాన్నీ కలిపి ఎలా భయపెట్టాడో చూసినవాళ్లకి తెలుసు. ఆ దారి ఎందుకో పలచబడింది. సీమ దాకా వచ్చేసరికి సుమోలే మిగిలాయి.

బయల్దేరే రోజు పొద్దున కుర్రాళ్లు పొలతల బాటన నడిపించారు. మంచు ఇంకా విడలేదు. దారి పక్క తూము దగ్గర ఒకడు ఆగి, సెల్‌ఫోను అడ్డంగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూశాడు.

“అన్నా, ఈడ కెమెరా పెడితే యెట్లుంటాది?”

“బాగుంటుంది. మరి లోపల ఏముంటుంది?”

“అది మాత్రం ఇప్పుడే సెప్పను” అన్నాడు వాడు, ఫోను దించకుండానే.