రాత్రి రెండు గంటల పింగ్

సంక్రాంతికి పది రోజుల ముందు మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, రెండు మదర్‌బోర్డులు చూశాను. రెండిటికీ ఆరు వేలే తేడా. ఖరీదైన దాంట్లో గేమింగ్ ల్యాన్ ఉంది. అమ్మ నీ మాటైతే వింటుంది, నువ్వు చెప్పు." వాడిది ఇంటర్ రెండో సంవత్సరం. ఈ టైంలో మదర్‌బోర్డు ఏమిట్రా అని అడగాల్సింది, అడగలేదు. గేమింగ్ ల్యాన్ అన్న మాట చెవిన పడగానే నాకు కె అక్షరం ఆకారంలో మెరిసే ఒక లోహపు ముక్క గుర్తొచ్చింది. పండక్కి వస్తున్నాగా, చూసి చెప్తాను అని పెట్టేశాను.

ఆ ముక్క పేరు కిల్లర్ నిక్. 2006లో అమెరికాలో, ఆస్టిన్‌లోని బిగ్‌ఫుట్ నెట్‌వర్క్స్ అనే చిన్న కంపెనీ తెచ్చిన నెట్‌వర్క్ కార్డు. ధర 280 డాలర్లు, అంటే అప్పటి లెక్కన పన్నెండు వేల పైచిలుకు. మామూలు నెట్‌వర్క్ కార్డు నాలుగైదు వందలకి దొరికే రోజులవి, చాలా బోర్డుల మీద అది ఊరికే వచ్చేది కూడా. కిల్లర్ మీద మాత్రం సొంతంగా ఒక ప్రాసెసర్, 64 మెగాబైట్ల మెమరీ, వాటి మీద నడిచే లినక్స్. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటరన్నమాట. పైన కె ఆకారపు హీట్‌సింక్. వాళ్ళ వాదన ఏమిటంటే, విండోస్ ప్యాకెట్లని తీరిగ్గా, కొన్నిటిని పోగుచేసి చూసుకుంటుంది; ఆటకి ఆ తీరిక పనికిరాదు; కాబట్టి విండోస్‌ని పక్కకి జరిపి ఆ పని కార్డే చేసి, వచ్చిన ప్యాకెట్‌ని వచ్చినట్టు ఆట చేతిలో పెడుతుంది. ఇది అబద్ధం కాదు. ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లో ఒక్క కోర్ ప్రాసెసర్లే, ఆ కాస్త పని తగ్గినా కొన్ని ఆటల్లో సెకనుకి రెండు మూడు ఫ్రేములు పెరిగే అవకాశం ఉండేది.

అప్పటి రివ్యూలు నేను దాదాపు కంఠతా పట్టాను. చాలావాటిలో తేలింది ఒకటే: తేడా చిన్నది, ఈ ధరకి తగదు. నేను మాత్రం "తేడా చిన్నది" అన్న చోట "తేడా ఉంది" అని చదువుకున్నాను. ఇప్పుడు పుస్తకాల మీదా సినిమాల మీదా నాలుగు ముక్కలు రాస్తుంటాను కదా, పాఠకుడు తనకి కావలసిందే చదువుకుంటాడు అని ఎవరైనా విసుక్కుంటే నేను మాట్లాడకుండా ఊరుకునేది అందుకే.

2007లో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. విజయవాడ నుంచి గుంటూరు వెళ్ళే రోడ్డు మీద కాలేజీ, దానికి దగ్గర్లో ముగ్గురం కలిసి తీసుకున్న గది. ల్యాండ్‌లైన్ మీద బ్రాడ్‌బ్యాండ్, సెకనుకి 256 కిలోబిట్లు. పగలు ఎంబీకింత అని లెక్క, రాత్రి రెండు నుంచి పొద్దున్న ఎనిమిది దాకా లెక్కలేదు. ఆ కాలంలో చదివినవాళ్ళకి ఈ రెండు గంటల సంగతి చెప్పక్కర్లేదు. అలారం పెట్టుకుని లేచేవాళ్ళం. నేను లేచేది కౌంటర్ స్ట్రైక్ కోసం. గదిలో ఒక స్నేహితుడు లేచేది అమెరికాలో ఉన్న వాళ్ళ అన్నయ్యతో మాట్లాడ్డానికి. అక్కడ మధ్యాహ్నం, ఇక్కడ ఫ్రీ. మెసెంజర్లో మాట ముక్కలుముక్కలుగా వచ్చేది, అయినా గంటసేపు మాట్లాడేవాడు.

మొదట్లో నా పింగ్ 150 దగ్గర ఉండేది. సింగపూర్ సర్వరుకి అంతే వస్తుందని సర్దుకున్నాను. రెండో సెమిస్టర్ నుంచి ఉన్నట్టుండి తొమ్మిది వందలకి ఎగిరేది. నేను కాల్చేటప్పటికి ఎదుటివాడు అక్కడ ఉండేవాడు కాదు. ఆ కార్డు కావాలని బుద్ధి పుట్టింది అప్పుడే. తెప్పించాలంటే ఉన్న దారి ఒక్కటే, మా గదివాడి అన్నయ్య. ఇంట్లో ప్రాజెక్టు అని చెప్పి డబ్బు అడుగుదామనుకున్నాను. వాడు పాపం అన్నయ్యని అడిగాడు కూడా. "అన్నయ్య కనుక్కోమంటున్నాడ్రా, దానివల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా అని." నాకు ఒళ్ళు మండింది. ఉపయోగం లేకపోతే అడుగుతానా అన్నాను.

ఆ లోపు నాకు ఇంకో సంగతి తట్టింది. లైన్ ఒకటే కదా, వాడి వాయిస్ వల్లే ఇదంతా అని. ఒక రాత్రి వాడు మాట్లాడుతుండగా లేచి కేబుల్ పీకేశాను. మాటా మాటా పెరిగింది. వాడు పెద్దగా ఏమీ అనలేదు గానీ, మర్నాటి నుంచి పొద్దున్నే బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌కి వెళ్ళి మాట్లాడేవాడు, గంటకి పదిహేను రూపాయలు ఇచ్చి. సెమిస్టర్ అయ్యాక గది మారిపోయాడు. పింగ్ తగ్గలేదు.

మూడో సంవత్సరంలో విండోస్ మళ్ళీ వేయాల్సొచ్చి, పాత ఫైళ్ళు చూసుకుంటూ టోరెంట్ సాఫ్ట్‌వేర్ తెరిచాను. అందులో షెడ్యూలర్ అని ఉంటుంది, వారానికీ గంటలకీ గళ్ళు గీసి. రెండు నుంచి ఎనిమిది దాకా ఏడు రోజులూ పచ్చటి గళ్ళు. ఫ్రీ టైం వృథా కాకూడదని రెండో సెమిస్టర్ మొదట్లో నేనే పెట్టి మర్చిపోయాను. రోజూ రెండు గంటలకి నా సిస్టమే, గడియారం పక్కన చిన్న బొమ్మై నక్కి, నేను దించుకున్న సినిమాలన్నీ లోకానికి పంచిపెట్టడం మొదలుపెట్టేది.

దాని లెక్క ఇది. ఒక నిండు ప్యాకెట్ 1500 బైట్లు, అంటే 12,000 బిట్లు. సెకనుకి 256 కిలోబిట్ల లైను మీద అది బయటికి వెళ్ళడానికి 47 మిల్లీసెకన్లు. అలాంటివి ఇరవై ప్యాకెట్లు మోడెమ్ దగ్గర వరసలో నిలబడి ఉంటే, వాటి వెనక చేరిన నా తుపాకీ గుండుకి 940 మిల్లీసెకన్లు. మోడెమ్‌లు చేసేవాళ్ళు ప్యాకెట్ పారేయడం పాపం అనుకుని పెద్ద పెద్ద బఫర్లు పెట్టారు, ఆ క్యూ అక్కడే పెరుగుతుంది. తర్వాత జిమ్ గెటీస్ దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు, 2012లో క్యాథలీన్ నికల్స్, వాన్ జేకబ్సన్ కోడెల్ అనే విరుగుడు ప్రకటించారు. కిల్లర్ కార్డు నా సిస్టమ్ లోపల మిల్లీసెకనులో ఏదో ఒక వంతు మిగిల్చేది. మిగిల్చి, ఆ ప్యాకెట్‌ని పరుగున తీసుకెళ్ళి అదే క్యూ చివర నిలబెట్టేది. ఇందులో నవ్వొచ్చే సంగతి ఒకటుంది: ఆ కార్డు గొప్పల్లో ఒకటి, టోరెంట్‌ని కార్డు మీదే నడిపించుకోవచ్చు, ప్రాసెసర్‌కి భారం ఉండదు అని. మోడెమ్ దగ్గరి వరసకి అది ఎక్కడి నుంచి వస్తే ఏం?

ఇలాంటి కార్డులు ఎక్కడా పనికిరావని కాదు. ముంబైలో నేషనల్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ 2010లో బ్రోకర్ల సర్వర్లని తన దగ్గరే పెట్టుకోనిచ్చింది. అక్కడ మొత్తం దూరమే మీటర్లలో ఉంటుంది కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్ తినే మైక్రోసెకన్లే అసలు ఆలస్యం. సోలార్‌ఫ్లేర్ లాంటి కంపెనీల కార్డులు కర్నెల్‌ని దాటేసి వెళ్ళడం వల్ల అక్కడ డబ్బులు రాలతాయి. ఆటగాడికి సర్వరు పక్క గదిలో ఉండదు. బిగ్‌ఫుట్‌ని 2011లో క్వాల్‌కామ్ అథెరోస్ కొంది, తర్వాత ఆ పేరు రివెట్ నెట్‌వర్క్స్ చేతికి వెళ్ళింది, 2020లో రివెట్‌ని ఇంటెల్ కొంది. ఈ ప్రయాణంలో కార్డు మీది ప్రాసెసర్ పోయింది, కె ఆకారమూ పోయింది. మిగిలింది పేరు, దానితో పాటు ఏ ప్రోగ్రామ్ ప్యాకెట్ ముందు వెళ్ళాలో చూసే సాఫ్ట్‌వేర్. అది పనికొచ్చేదే. నా దగ్గర అప్పుడు ఉండుంటే నా టోరెంట్‌ని నా ఆట వెనక నిలబెట్టేదేమో. అదే సిస్టమ్‌లో నడిచేవాటికే గానీ ఇంట్లో మిగతా ఫోన్లకీ కెమెరాలకీ దానితో పని లేదు.

భోగి రోజు సాయంత్రం విజయవాడలో అక్కావాళ్ళింట్లో లాప్‌టాప్ తీసుకుని కూర్చున్నాను. వాడి గది మేడ మీద, రౌటర్ కింద హాల్లో, మధ్యలో వైఫై. ముందు రౌటర్‌కే పింగ్ చేశాను. ఒకటి, రెండు, నలభై, మూడు, తొంభై. ఇల్లు దాటకముందే ఇదీ పరిస్థితి. బావగారిని అడిగి పాతిక మీటర్ల కేబుల్ తెప్పించి మెట్ల పక్కగా లాగాం. రౌటర్‌కి పింగ్ ఒకటి లోపుకి వచ్చింది. గేమింగ్ ల్యాన్ బాగుచేయగలిగింది ఏదైనా ఉంటే ఈ ఒకటిలోనే ఉండాలి. ముంబై సర్వరు ఇక్కడికి గీత గీసినట్టు చూస్తే తొమ్మిది వందల కిలోమీటర్ల లోపు. గాజు తీగలో వెలుతురు కిలోమీటరుకి 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది, రానూపోనూ తొమ్మిది మిల్లీసెకన్లు ఎవరూ తగ్గించలేరు. వాడికి వచ్చేది ముప్ఫై. బానే ఉంది. ఏడున్నరకి మాత్రం రెండు వందలు దాటింది.

"చూశావా, అమ్మ సీరియల్" అన్నాడు వాడు.

అక్క అప్పుడు వంటింట్లో అరిసెలు వత్తుతోంది. ఫోన్ ఫ్రిజ్ మీద ఉంది. తీసి చూస్తే వైఫై ఆపేసి ఉంది. "వాడు అరుస్తున్నాడని నెలరోజులుగా నేను మొబైల్ డేటా మీదే చూసుకుంటున్నా. రోజూ ఒకటిన్నర జీబీ, ఎపిసోడ్‌కి సరిపోతుందిలే" అంది, పిండి చేతులతోనే. వాడికి ఆ సంగతి తెలియదు. నేను కాసేపు అక్కడే ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.

తీరా చూస్తే బావగారు పెట్టించిన నాలుగు కెమెరాలు. చీకటి పడి వీధిలో జనం తిరిగేకొద్దీ ప్రతి కదలికనీ క్లౌడ్‌కి ఎక్కిస్తున్నాయి. మా ఇంట్లో మూల పడి ఉన్న పాత రౌటర్‌కి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించి తీసుకొచ్చాను, దాన్ని పెట్టి, అప్‌లోడ్‌ని లైను ఇచ్చేదానికన్నా పది శాతం తక్కువకి కట్టేశాను. వరస మోడెమ్‌లో కాకుండా మన చేతిలో ఉంటుంది, కోడెల్ సంగతి చూసుకుంటుంది. పింగ్ ముప్ఫై ఐదు దగ్గర నిలబడింది. ఖర్చు కేబుల్‌కి ఐదు వందలు.

రాత్రి భోజనాలయ్యాక వాడికి గది సంగతి చెప్పాను. పచ్చ గళ్ళు, నెట్ సెంటర్, అన్నీ. "మరి ఆయనకి చెప్పావా?" అన్నాడు. చెప్పలేదు. పెళ్ళికి వెళ్ళాను, ఫోన్ నంబరుంది, పుట్టినరోజుకి మెసేజ్ పెడతాను. ఆ అన్నయ్య కోవిడ్‌లో పోయాడు, అప్పుడు కూడా ఫోన్లో పావుగంట మాట్లాడాను, ఈ మాట మాత్రం రాలేదు.

వాడు ఏమీ అనకుండా కిందికి వెళ్ళి, వాళ్ళమ్మ ఫోన్లో వైఫై ఆన్ చేసి, పైకొచ్చి ఆటలో కూర్చున్నాడు. వెనక నుంచి చూస్తున్నాను. తెర మూలన ముప్ఫై మూడు, ముప్ఫై ఐదు. పది నిమిషాల్లో నాలుగుసార్లు చచ్చాడు. నంబరు వంక చూశాడు, నా వంక చూశాడు.

"మావయ్యా, ఈ మౌస్ పాతదైపోయినట్టుంది."