ఆడిటరూ, కాపలావాడూ

శ్రీహరికోట అనగానే మనకి మన ఉపగ్రహాలే గుర్తొస్తాయి. 2016 జూన్ 22న పీఎస్ఎల్వీ-సీ34 మోసుకెళ్ళిన ఇరవైలో క్లేర్ అనే బుల్లి కెనడా ఉపగ్రహం కూడా ఉంది. మాంట్రియల్‌లోని జీహెచ్‌జీశాట్ కంపెనీ వాళ్ళది. దాని పని గ్యాస్ బావులు, గనులు, చెత్తగుట్టల మీద నిఘా వేసి మీథేన్ ఎక్కడ లీకవుతోందో చూడటం.

మీథేన్ కంటికి కనపడదు. కానీ నేల మీద పడి తిరిగి పైకెళ్ళే ఎండలోంచి కొంత పరారుణ కాంతిని మింగేస్తుంది. ఎంత తగ్గిందో కొలిచి గ్యాస్ ఎంతుందో లెక్క కడతారు. సూత్రం అందరిదీ ఇదే. తేడా అంతా చూపులో ఉంది.

2017 అక్టోబరులో యూరప్ వాళ్ళు పంపిన సెంటినెల్-5పీ రోజూ దాదాపు భూమంతా చూసేస్తుంది. కాకపోతే దాని మీథేన్ బొమ్మలో ఒక్కో చుక్క 5.5 × 7 కిలోమీటర్లు. కోనసీమలో అంత జాగాలో ఊళ్ళకి ఊళ్ళే ఇమిడిపోతాయి. క్లేర్ చుక్క 50 మీటర్లే, కానీ ఒకసారికి చూసేది 12 కిలోమీటర్ల మేర. అందుకే ఒకదానికొకటి తోడు కావాలి. తుర్క్‌మెనిస్తాన్‌లో ఓ బురద అగ్నిపర్వతాన్ని చూడబోయిన క్లేర్‌కి పక్కనే కొర్పెజె గ్యాస్ క్షేత్రంలో పెద్ద లీకు దొరికింది. సెంటినెల్ కొలతలు కూడా ఔనన్నాయి. 2019లో సంగతి బయటపడింది.

మరి మన గోదావరి డెల్టా మాటేమిటి? అక్కడ గ్యాస్ బావులు వరిచేల మధ్యే ఉంటాయి. నీళ్ళు నిలిచిన చేలు కూడా మీథేన్ వదులుతాయి. పెద్ద చుక్కలో బావీ, చేనూ, పశువులూ అన్నీ కలిసిపోతాయి. పైగా సార్వాలో చేలు నిండుగా ఉన్నప్పుడే ఆకాశం నిండా మబ్బులు. మబ్బు పడితే ఈ ఉపగ్రహాలకి ఏమీ కనపడదు.

అసలు చిక్కు ఇంకోటుంది. వీటికి ఎండ కావాలి. సెంటినెల్ మన మీదుగా వెళ్ళేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపులైను లీకై 20 మందికి పైగా చనిపోయింది తెల్లవారుజామున. మా పిస్కాటవే పక్కనున్న ఎడిసన్‌లో 1994 మార్చి 23న గ్యాస్ పైపు పగిలి అపార్ట్‌మెంట్లు తగలబడింది అర్ధరాత్రి కావస్తుండగా.

ఏ కంపెనీ ఏడాది పొడుగునా ఎంత వదిలిందో నిలదీయడానికి ఉపగ్రహాన్ని మించిన ఆడిటరు లేడు. రాత్రి కాపలాకి మాత్రం నేల మీద మీటర్లుండాలి, పైపు తుప్పు పట్టకముందే మార్చేవాళ్ళుండాలి, ఊరివాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళుండాలి. పైనుంచి అంతా కనిపిస్తోంది కదా అని ఈ ఖర్చు తగ్గించుకుంటామంటే ఒప్పుకోకూడదు.