గర్భగుడికి ముందు

విశాఖలో గుడి అనగానే ఎవరికైనా సింహాచలమే గుర్తొస్తుంది. ఇప్పుడు మనం దర్శించుకునే ఆ ప్రధానాలయం 13వ శతాబ్దంలో గాంగ రాజుల ఏలుబడిలో రూపుదిద్దుకున్నది. గర్భగుడి, ముందు మండపం, చుట్టూ తిరగడానికి దారి... ఇవి ఎప్పుడూ ఉన్నవేనన్నంత సహజంగా మనం అందులోకి నడిచిపోతాం. ఈ అమరికకు తొలి అడుగులు ఎక్కడ పడ్డాయో చూడాలంటే మాత్రం సింహాచలం కాదు, భీమిలి రోడ్డు పట్టాలి. రుషికొండ దాటాక మంగమారిపేట దగ్గర ఎడమ వైపు కొండెక్కితే తొట్లకొండ.

1976లో నౌకాదళం వాళ్లు తమ అవసరం కోసం ఈ ప్రాంతాన్ని పైనుంచి సర్వే చేస్తుంటే ఇక్కడి బౌద్ధారామ శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. క్రీస్తుకు ముందు 2వ శతాబ్దం నుంచి క్రీస్తు తర్వాత 3వ శతాబ్దం దాకా ఇక్కడ భిక్షువులు ఉన్నారు. రాతిలో తొలిచిన నీటితొట్లు 11, విహారాలు 10, వంటశాల, భోజనశాల, రాళ్లు పరిచిన బాటలు దొరికాయి. శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. కొండ అంచున నిలబడితే ఎదురుగా సముద్రం. ఓడల వ్యాపారం ఈ తీరానికి హార్బరు కట్టాక వచ్చింది కాదు. ఆనాటి ఓడ వర్తకుల దానాలు లేకుండా ఇంత పెద్ద సంఘారామం కొండమీద బతికేది కాదని నా నమ్మకం.

వచ్చినవాళ్లంతా నేరుగా మహాస్తూపం దగ్గరికే వెళ్తారు. 2019 అక్టోబరు వానలకు అందులో కొంత భాగం కూలిపోయింది, తర్వాత మళ్లీ కట్టారు. నేను చూడాలని వెళ్లింది దాన్ని కాదు, పక్కనున్న చైత్యగృహాలను, అంటే స్తూపాన్ని లోపల పెట్టి కట్టిన గుళ్లను. ఇక్కడ మూడు గుండ్రటివి, ఒకటి గజపృష్ఠాకారంలో, అంటే ఏనుగు వీపు వంపులో ఉంది. పైకప్పులు ఎప్పుడో పోయాయి. మిగిలినవి అడుగు వరుసలే. అయినా కథంతా ఆ అడుగు వరుసల్లోనే ఉంది.

మహాస్తూపం ఆరుబయటి కట్టడం. ఎండలో, వానలో, సముద్రపు గాలిలో దాని చుట్టూ తిరిగి దండం పెట్టుకుని వెళ్లాలి. దానికి లోపల అంటూ లేదు. గుండ్రటి చైత్యగృహంలో చిన్న స్తూపం చుట్టూ గోడ లేచింది, పైన కప్పు వచ్చింది. గోడ లేస్తే వాకిలి పెట్టాలి. వాకిలి పెడితే ముందు, వెనక ఏర్పడతాయి. భక్తుడు బయటి నుంచి లోపలికి, వెలుతురులోంచి నీడలోకి అడుగుపెట్టాలి. మన ఆలయానుభవమంతా ఆ అడుగుతోనే మొదలవుతుంది. ఇక గజపృష్ఠంలో మరో సౌకర్యం కుదిరింది. ఒక కొస గుండ్రం, అక్కడ స్తూపం. రెండో కొస తిన్నగా, అక్కడ జనం కూర్చోవడానికి చోటు. మధ్యలో అడ్డుగోడ లేకుండానే మండపం, గర్భగృహం, ప్రదక్షిణ మార్గం ఒకే కప్పు కింద ఇమిడాయి.

ఆ గుండ్రటి పునాదుల పక్కన నిలబడితే నాకు మన ఉత్తరాంధ్ర చుట్టిల్లే కళ్లముందు మెదిలింది. మట్టిగోడ, మధ్యకు లేచి కిందికి జారే తాటాకు కప్పు, తుపాను గాలికి పట్టు దొరకని వంపు. ఈ తీరపు పల్లెల్లో మన పెద్దలు పుట్టింది అటువంటి ఇళ్లలోనే. కాంక్రీటు ఇళ్లు వచ్చాక అవి ఒకటీ అరా మిగిలాయి. దేవుడికి కట్టిన తొలి ఇల్లు మనిషి ఇంటి పోలికలోనే ఉందని చెప్పడానికి రాతి సాక్ష్యమూ ఉంది. గుంటుపల్లిలో కొండ తొలిచి చేసిన గుండ్రటి చైత్యంలోకి వెళ్లి తలెత్తితే, కప్పు నిండా వాసాలే. రాతి కప్పు నిలవడానికి వాసాలతో పని లేదు. అయినా వడ్రంగి పని చూసి పెరిగిన చేయి వాటిని ఒక్కొక్కటిగా చెక్కింది. బీహారులో బరాబర్ కొండల మీద అశోకుడి కాలంలో తొలిచిన సుదామ గుహలో కూడా లోపలి గది గుడిసెలాగే ఉంటుంది. రాజస్థాన్‌లోని బైరాట్‌లో అదే కాలపు గుండ్రటి గుడికి ఇటుకతో పాటు కర్ర స్తంభాలు వాడారు.

ఈ కథలో తర్వాతి అడుగు చూద్దామని మధ్యాహ్నానికి ఊరు దాటి, గాజువాక, స్టీలు ప్లాంటు, కూర్మన్నపాలెం, లంకెలపాలెం మీదుగా అనకాపల్లి చేరాను. అక్కడికి దగ్గర్లోనే శంకరం గ్రామం. పొలాల మధ్య పక్కపక్కనే రెండు గుట్టలు: బొజ్జన్నకొండ, లింగాలకొండ. 1907–08లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపాడు. తర్వాతి శతాబ్దాల రాజులైన సముద్రగుప్తుడి బంగారు నాణెం, విషమసిద్ధి బిరుదుతో కుబ్జ విష్ణువర్ధనుడి రాగి నాణేలు దొరికాయి. అంటే తొట్లకొండ పాడుపడిన తర్వాత కూడా ఈ గుట్టలు కొన్ని శతాబ్దాల పాటు కళకళలాడాయి.

బొజ్జన్నకొండ మెట్లెక్కి పెద్ద గుహ ముందు ఆగాను. వాకిలికి అటూ ఇటూ నిలువెత్తు ద్వారపాలకులు. ఏ శివాలయం ముందో నిలబడ్డట్టే ఉంది. లోపల 16 స్తంభాలు, కొన్ని విరిగిపోయాయి. వాటి నడుమ చతురస్రపు వేదిక మీద కొండరాతిలోనే చెక్కిన స్తూపం, చుట్టూ తిరిగే దారి. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగాను. వెంట వచ్చిన కాపలా పెద్దాయన నా భుజం తట్టి పైకి చూపించాడు.

"గొడుగు సూడండి బాబూ. దాని కర్ర కింద స్తూపానికి అంటుకుని ఉండీదట. ఎప్పుడో ఇరిగిపోనాది."

నిజమే. స్తూపానికి సరిగ్గా పైన కప్పులో ఛత్రం చెక్కి ఉంది. ఒకప్పుడు అది స్తూపం కొసతో కలిసే ఉండేది. స్తూపం, ఛత్రం, స్తంభాలు, కప్పు అన్నీ ఒకే రాయి. చుట్టూ ఉన్నదాన్ని తీసేస్తే మిగిలిన గది ఇది. నేలనుంచి కట్టుకుంటూ పోయేవాడు తప్పు చేస్తే విప్పి మళ్లీ పేర్చుకోవచ్చు. ఇక్కడ ఉలి ఒక్కసారి లోతుగా దిగితే సరిచేసే దారి లేదు. మధ్యలో ఆరాధ్యం, చుట్టూ ప్రదక్షిణం, దాన్ని చుట్టుకున్న స్తంభాల వరస, వాకిట్లో కావలి: ఇంత లెక్క మనసులో పూర్తయ్యాకే పని మొదలుపెట్టి ఉండాలి. స్తూపం చోట లింగాన్నో విగ్రహాన్నో ఊహించుకుంటే మన గుడికి కావలసినవన్నీ ఇక్కడున్నాయి.

ఇక్కడే కొందరు తగువుకు దిగుతారు, ఎవరి గుడిని ఎవరు తీసుకున్నారని. పల్నాడులోని చేజర్ల కపోతేశ్వరాలయం గజపృష్ఠాకారపు ఇటుక కట్టడం, అది మొదట బౌద్ధ చైత్యమని చాలామంది పండితుల మాట. కావచ్చు. కానీ నాగార్జునకొండను చూడాలి. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధానిలో బౌద్ధ విహారాలు, కృష్ణ ఒడ్డున పుష్పభద్రస్వామి, అష్టభుజస్వామి ఆలయాలు ఒకే కాలంలో, ఒకే ఊళ్లో ఉన్నాయి. గజపృష్ఠం అటూ ఉంది, ఇటూ ఉంది. గుడిమల్లంలో పరశురామేశ్వరుడి గర్భగుడికీ వెనక వంపే. ఆ రూపం ఏ ఒక్క మతం సొత్తూ కాదు. అది ఈ నేల మీది వడ్రంగులది, ఇటుక పేర్చినవాళ్లది, రాయి కొట్టినవాళ్లది. వాళ్లను పిలిచి పని చెప్పినవాళ్లు బౌద్ధులైతే లోపల స్తూపం, శైవులైతే లింగం. మనం రాసుకునే చరిత్రలో దాతల పేర్లు, రాజుల పేర్లు మిగిలి, ఈ పనివాళ్ల వాటా కనపడకుండా పోవడం నాకు బాధగా ఉంటుంది.

దిగి లింగాలకొండ ఎక్కాను. గుట్ట పొడవునా వరసలు వరసలుగా రాతిస్తూపాలు, పెద్దవీ చిన్నవీ. దూరం నుంచి చూస్తే అచ్చం లింగాల్లాగే ఉన్నాయి. కనుమ నాడు ఇక్కడ పెద్ద తీర్థం, చుట్టుపక్కల ఊళ్ల జనమంతా వస్తారు. ఒకప్పుడు ఆ రోజున బొజ్జన్నకొండ మీది బొజ్జలాంటి ఆకారాన్ని రాక్షసుడనుకుని రాళ్లు విసిరేవారు. వారసత్వ సంపద కోసం పనిచేసేవాళ్లు నచ్చజెప్పి మాన్పించారు. పెద్దాయన కూడా అదే చెప్పాడు: "ఇప్పుడు పిల్లలకి స్కూల్లోనే సెప్తన్నారు బాబూ, ఆడు రాక్షసుడు కాడని." రాళ్ల వాన ఆగింది కానీ అసలు వాన ఆగదు కదా. శిల్పాల ముఖాలు ఇప్పటికే అరిగిపోయాయి. గుహ వాకిళ్ల మీదికి నీరు జారకుండా కొండపైనే మళ్లించే పని ప్రతి ఏడూ వానలకు ముందే జరగాలి.