నీళ్లు ముందు, గీత తర్వాత

ఈపూట రంగుల కబుర్లు చెప్పుకుందాం. ఫోన్లో మాట్లాడుతూ కరెంటు బిల్లు వెనకాల మీరు గీసే పిచ్చిగీతలున్నాయే, ఆ చిన్న చిన్న గళ్లు, ఆకులు, వరసగా పేర్చిన అర్ధచంద్రాలు, వాటి సంగతి ఒకటి. పిల్లలు వాడి వదిలేసిన నీటిరంగుల పెట్టె సంగతి ఇంకొకటి. ఈ రెండూ ఒకే పుస్తకంలో కలిస్తే ఎంత బాగుంటుందో చెప్పాలని నాకు ఎప్పట్నించో ఉంది.

గీత మన చెప్పుచేతల్లో ఉంటుంది. నీళ్లు ఎవరి మాటా వినవు. వీళ్లిద్దరికీ వియ్యం కుదర్చడమే ఆర్ట్ జర్నల్ అనే ఈ సొంత బొమ్మల పుస్తకంలో అసలు సరదా. అందులో ఎవరిని ముందు పిలవాలన్నదే పెద్ద ప్రశ్న. చాలామంది నల్లపెన్నుతో బొమ్మంతా గీసేసి, తర్వాత లోపల రంగు నింపుతారు. తప్పేం లేదు. నేను మాత్రం నీళ్లనే ముందు పోనిమ్మంటాను. ఎందుకో చెబుతాను.

ముందు కాగితం మాట. జిరాక్సు కాగితం సుమారు 75 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకు అన్ని గ్రాములు) ఉంటుంది, తడి తగిలితే ముడతలు పడిపోతుంది. 300 జీఎస్ఎం వాటర్ కలర్ కాగితం ఉన్న పుస్తకమైతే నిశ్చింత. పెన్ను కూడా నడవాలి కాబట్టి మరీ గరుకుది వద్దు, కాస్త నున్నటిది తీసుకోండి.

ఇప్పుడు పేజీలో సగం మేర శుభ్రమైన నీళ్లతో తడపండి. అల్ట్రామెరైన్ నీలం ఒక చుక్క వదలండి. వదిలాక బ్రష్షు పక్కన పెట్టి ఊరికే చూడండి. నీలం అంచుల్లో జుట్టులా చీలుతూ తడి ఉన్నంత మేరా పాకుతుంది. కాగితంలోని సన్నటి గుంటల్లో దిగి పొడిపొడిగా నిలుస్తుంది. దాని పక్కనే కాస్త బర్న్ట్ సియన్నా గోధుమరంగు తాకించండి. రెండూ కలిసిన చోట మీరు కలపని బూడిదరంగు ఒకటి పుడుతుంది. తడి మెరుపు ఇంకా పోకముందే నాలుగు కల్లుప్పు పలుకులు చల్లండి. ఒక్కో పలుకూ చుట్టూ ఉన్న తడిని లాక్కుని, ఆరాక కింద లేత చుక్కపువ్వును వదిలిపెడుతుంది. ఉప్పును మాత్రం పూర్తిగా ఆరాకే దులపాలి.

ఇక తడపని మిగతా సగంలో, పొడి కాగితం మీద నీళ్ల రంగు మడుగులా నిలిచి ఆరిందనుకోండి, దాని అంచు చుట్టూ ముదురు గీత ఒకటి పడుతుంది. కాఫీ ఒలికి ఆరిన మరకకూ అంతే. అంచు దగ్గర తడి త్వరగా ఆవిరవుతుంది, ఆ లోటు తీర్చడానికి మధ్యలోని నీళ్లు రంగురేణువుల్ని మోసుకుంటూ అంచుకు పరిగెడతాయి. షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1997లో నేచర్ పత్రికలో ఈ సంగతి విప్పి చెప్పారు. మన పనికి ఆ ముదురు అంచు బంగారం. పెన్ను ఎక్కడ మొదలుపెట్టాలో అదే చూపిస్తుంది.

పెన్ను పట్టే ముందు పేజీని చేతివేళ్ల వెనకవైపుతో తాకి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. వానాకాలంలో దీనికి ఓపిక ఎక్కువ కావాలి. తొందరపడితే గీత పాకుతుంది, పాళీ మొన కాగితంలో దిగబడుతుంది.

పేజీ ఆరిందంటే ఇక పెన్ను వంతు. అమెరికాలోని మాసచూసెట్స్‌లో అక్షరకళాకారిణి మరియా థామస్, ఆమె సహచరుడు రిక్ రాబర్ట్స్ కలిసి ఈ పిచ్చిగీతల్ని జెంటాంగిల్ అనే పద్ధతిగా మలిచారు. 3.5 అంగుళాల చదరపు కాగితం, నల్లపెన్ను, రబ్బరు లేదు. ముందు పెన్సిల్‌తో వంకరటింకర తీగ ఒకటి వదిలి, అది చేసిన గదుల్లో ఒక్కో దాంట్లో ఒక్కో అల్లిక నింపుతారు. మన పేజీలో ఆ తీగ పని నీళ్లు ముందే చేసిపెట్టాయి.

వాళ్ల అల్లికల్లో నాకు బాగా ఇష్టమైనది క్రెసెంట్ మూన్. రంగు ఆరిన అంచు వెంబడే వరసగా చిన్న అర్ధచంద్రాలు పెట్టి నలుపు నింపండి. ఒక్కోదాని చుట్టూ కాస్త ఎడంగా గీత, దాని చుట్టూ మరో గీత, ఇలా పక్కవాటిని తాకేదాకా పెంచుకుంటూ పొండి. పక్కపక్క వంపులు కలిసిన చోట కొత్త లోయలు ఏర్పడతాయి, తర్వాతి గీతలు వాటిలోకి ఒదుగుతాయి. చెయ్యి నెమ్మదిస్తుంది, ఊపిరీ నెమ్మదిస్తుంది. గీసేటప్పుడు ఒక్కటే గుర్తుంచుకోండి: రంగు గట్టిగా పలికిన చోట గీత తగ్గాలి, రంగు వెలిసిన చోట గీత చిక్కబడాలి. ఎక్కడో ఒకచోట ఏమీ లేని తెలుపు ఉండి తీరాలి. అది లేకపోతే కంటికి ఆగే చోటుండదు.

మరి గీత ముందు వేసే పద్ధతి మంచిది కాదా? ఎందుక్కాదు! మన శ్రీకాళహస్తి కలంకారీ అదే కదా. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఆరబెడతారు. పాలలో కొవ్వు ఉంది కాబట్టి కలం గీత పాకదు. ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో ఊరబెట్టిన ద్రవం కరక్కాయ వగరుతో కలిసి నల్లబడుతుంది. ఆ నల్లగీత నిలిచాకే రంగులు ఒక్కొక్కటీ వస్తాయి. మీరూ అలా చేయాలనుకుంటే ఆరాక నీళ్లకు కరగని పిగ్మెంట్ సిరా పెన్నే వాడండి. జపాన్ సకురా వాళ్ల పిగ్మా మైక్రాన్ అలాంటిదే, 01 సైజు అంటే 0.25 మిల్లీమీటర్ల గీత. చాలా జెల్ పెన్నుల సిరా తడికి కరిగిపోతుంది. ముందు చిత్తుకాగితం మీద గీసి, ఆరాక తడి బ్రష్షు పోనిచ్చి చూసుకుంటే సరిపోతుంది.

కానీ తేడా చూడండి. కలంకారీ కళాకారుడు రామాయణం చెప్పడానికి కూర్చుంటాడు. ఆయనకు కథ ముందే తెలుసు, అందుకే గీత ముందు. జర్నల్ దగ్గర కూర్చున్న మనకు ఏం చెప్పాలో తెలియదు, ఆ తెలియకపోవడం కోసమే కూర్చుంటాం. అందుకే నీళ్లు ముందు.

ముందే అనుకోకుండా బొమ్మ ఎలా పుడుతుందో తెలియాలంటే కవి రవీంద్రనాథ్ ఠాగూర్‌ని తలుచుకోండి. 1924లో అర్జెంటీనాలో ఉండగా ‘పూరబి’ కవితల రాతప్రతిలో కొట్టేసిన మాటల్ని గీతలతో కలుపుకుంటూ పోయారు. కొట్టివేతల్లోంచి పక్షులు, వింత జంతువులు లేచి వచ్చాయి. 1930లో పారిస్‌లో ఆయన బొమ్మల ప్రదర్శన జరిగేనాటికి ఆయన వయసు అరవై దాటి ఎనిమిదేళ్లు. ఆ బొమ్మలకు బీజం పడింది చెడిపోయిన పేజీల్లోనే.

కాబట్టి నాకు బొమ్మలు రావు అని మాత్రం అనకండి. ఇందులో పోలిక కుదరాల్సిన ముఖమేదీ లేదు, చుక్క, గీత, వంపు, అర్ధచంద్రం వస్తే చాలు. రంగు అనుకోని చోటికి పాకితే ఆ పేజీ చింపకండి. ఆ పాకిన అంచు వెంబడే పెన్ను పెట్టండి. అల్లిక పూర్తయ్యేసరికి, రంగు అక్కడికి పాకడమే మంచిదైందని మీరే అంటారు.