చేరకముందే చూడవలదా?

పిల్లనిచ్చుటకు ముందు మన పెద్దలు వరునితోపాటు ఆ యింటి నూతిని, వంటయింటిని, పెరటినిగూడ చూచి వచ్చెడివారు. పిల్ల బ్రతుకవలసినది వానిలో గదా! నేడు పదునేడేండ్ల బాలికను నాలుగేండ్లపాటు ఉంచబోవు కళాశాలను ముందుగా చూచువారెందరు? ఇంజనీరింగు ప్రవేశమునకు పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుండి కళాశాలల సంకేతాక్షరములను వరుసగా నెంచుకొందురు. సీటు వచ్చినదని ఫోనునకు వార్త వచ్చును. రుసుము చెల్లింతుము. పరుపును, బకెట్టును, ఆవకాయ సీసాను మోసికొనిపోయిన నాడే ఆ స్థలమును మొదటిసారి చూతుము.

అమెరికాలో నున్న మా పినతల్లి కుమార్తె చెప్పగా వింటిని. అచ్చట పెక్కు కళాశాలలు, సీటిచ్చిన పిల్లలను ఏప్రిలు మాసపు శని, ఆదివారములందు పిలుచునట. పిల్ల పాతవిద్యార్థినుల గదిలో పరుండి, వారి భోజనశాలలో తిని, తరగతిలో కూర్చుండి చూచిన పిమ్మట చేరుదునో లేదో చెప్పవచ్చును. అందులకు పలుచోట్ల మే 1వ తేది గడువు. మనదేశమున 2019లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ‘దీక్షారంభము’ అను పేర క్రొత్తవిద్యార్థులకు పరిచయ కార్యక్రమము నేర్పరచినది. మంచిదే. కాని అది చేరిన పిమ్మటిది. తాళి కట్టిన తరువాత పెండ్లిచూపులవంటిది.

మా యెరుకలోని యొక గృహస్థు, రంగుల పుస్తకములోని బొమ్మలను జూచి పెద్దకుమార్తెను ఒక కళాశాలలో చేర్చెను. వసతిగృహమున ఉదయము ఏడుగంటలకే నీరు నిలిచిపోవుచుండెను. స్నానపుగదుల తలుపులకు గడియలు లేవు. పిల్ల యీ మాట తండ్రితో చెప్పలేక, నెల తిరుగకముందే జ్వరమను నెపమున ఇల్లుచేరి మరల పోలేదు. అంతతో నాగినను బాగుండెడిది. “ఆడపిల్లలకు పైయూరి చదువులేల?” యని ఆ యింటి బామ్మగారు రెండవ పిల్లను ఇంటరుతోనే నిలిపివేయించిరి.

నూజివీటిలో రాజీవ్‌గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయము 2008లో ఏర్పడినది మొదలు, మా తిరువూరు ప్రాంతమున పదవతరగతి ముగిసిన బాలికల తల్లులకుగూడ ఈ చింత వచ్చినది. అచ్చట ఆరేండ్ల చదువు. పదునారేండ్లు నిండకయే ఇల్లు విడువవలెను. ఎంపికైనవారి జాబితాలో మా యమ్మాయి పేరు వచ్చినదనగానే మా అత్తగారు పెదవి విరిచిరి. “విస్సన్నపేట మీదుగా నూజివీడు పోయి చూచి వత్తము, పిమ్మట కాదనుడు” అంటిని. మావారు తరగతులను, గ్రంథాలయమును చూతునన్నారు. చూడవలసినదే. కాని నీళ్లతొట్టి, తలుపుగడియలు, రాత్రివేళ దారిలో దీపములు, పిల్లకు జ్వరము వచ్చిననాడు దగ్గర కూర్చుండువారు — ఇవి మగవారి కంటబడవు. వారిని ఆడపిల్లల వసతిగృహములోనికి రానీయరు గదా! అందుచేత అత్తగారినే తోడు రమ్మంటిని. ఆమె యొకదినము ఆలోచించి సరేయనిరి. వార్డెనుగారి నడుగవలసిన ప్రశ్నలను ఇప్పుడు మనుమరాలిచేత నోటుపుస్తకమున వ్రాయించుచున్నారు. మొదటి ప్రశ్న: పెరుగు తోడుపెట్టినదా, కొన్నదా?